పరుపుల కొట్టు దగ్గర ఆగిన గీత

పోయినవారం ఈ శీర్షికలో నన్ను నేనే ఇంటి గుమ్మంలో నిలబెట్టి కథ ఆపేశాను. చంకలో డ్రాయింగులు పెట్టుకునే పొడుగాటి గొట్టం, ఎదురుగా చక్రాల కుర్చీలో మా తోటికోడలు. "ఆ గొట్టంలో ఏముందక్కా?" అని అడిగింది.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్తాను. నేను మునిసిపల్ ఆఫీసు రోడ్ల సెక్షన్లో డ్రాయింగులు గీస్తాను. పధ్నాలుగేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. మా మరిది భార్య ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు, ఇంట్లో అందరం తనని చిన్నది అంటాం. నేను పెద్దదాన్ని. మా బజారు పొడవునా సైకిళ్ళకి వేరే దారి గీశారు. ఆ దారి సరిగ్గా మా మావగారి పరుపుల కొట్టు ముందు మాయమై, నలభై మీటర్ల అవతల మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. ఆ గీతలు బడి సెలవుల్లో పడ్డాయి. సెలవులకి పుట్టింటికి వెళ్ళిన చిన్నది, బడి తెరిచిన మొదటిరోజు ఆ కొత్త దారి మీద సంబరంగా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళింది. కొట్టు ముందు పరుపులు ఎక్కించుకుని వెనక్కి వస్తున్న బాడుగ వ్యాను తనని కొట్టింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఇది జరిగి మూడు నెలలు.

ఆ మర్నాడు పదింటికి కౌన్సిల్ మీటింగు. ఆ నలభై మీటర్లూ పూర్తి చెయ్యాలా వద్దా అన్నది అక్కడ తేలిపోతుంది. వద్దని వర్తకులు పెట్టిన అర్జీ మీద మొదటి సంతకం సంఘం అధ్యక్షుడిది, అంటే మా మావగారిది. ఆయన సంతకం వెనక్కి తీసుకుంటే మిగిలినవాళ్ళ నోళ్ళు వాటంతటవే మూతపడతాయి. తీసుకోకపోతే దారి ఎప్పటికీ అలాగే కుంటిగా ఉండిపోతుంది.

ఇక గొట్టం సంగతి. అందులో ఒక పరుపు గ్యారంటీ కార్డు ఉంది, మీటింగు ముందు ఎవరి కంటా పడకూడదని ఆఫీసు బల్లలోంచి తెచ్చేశాను. దాని వెనక మావగారి చేతిరాత ఉంది. అబద్ధం ఆడదామనే నోరు తెరిచాను. కానీ లెక్కల టీచరు ముందు అబద్ధం ఆడాలంటే ముందే తయారై రావాలి. నేను తయారై రాలేదు. గొట్టం మూత తీసి కార్డు తన చేతిలో పెట్టాను.

చిన్నది పైకే చదివింది. "మన మెట్ల దగ్గర్నుంచి మందుల కొట్టు మెట్ల దాకా సైకిళ్ళ గీత వద్దు. బళ్ళు ఆపుకోవాలి. పెద్దమ్మాయ్, నువ్వు చూసుకో."

ఇంకోసారి చదివింది. ఆ తర్వాత కార్డు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. తప్పు లెక్క చేసిన పిల్లని బోర్డు దగ్గరికి పిలిచే ముందు చూసే చూపు అది.

"నువ్వే గీశావా?"

"నేనే."

"గియ్యడం కాదుగా. చెరిపావు."

"చెరిపాను."

"చెరిపేటప్పుడు నేను గుర్తొచ్చానా అక్కా?"

"వచ్చావు," అన్నాను. "అక్కడికొచ్చేసరికి దిగి నడిపించుకుంటూ వెళ్తావులే అనుకున్నాను."

అది నిజమే. కానీ సగం నిజం. మిగతా సగం తనకి చెప్పలేదు, మీకు చెప్తాను. పెళ్ళైన ఏడాదికే మా మరిది ఆ కొట్టుకి చిన్నదాని పేరు పెట్టాడు. పద్దెనిమిదేళ్ళుగా నేను ఆ ఇంటి పెద్దకోడల్ని. నా పేరు ఆ కొట్టులో ఒక దిండు మీద కూడా లేదు. మావగారు ఆ కార్డు నా చేతికిచ్చి "నువ్వు చూసుకో" అన్నప్పుడు, పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఆ కొట్టుకి నా అవసరం పడిందని నాకు సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే చెరిపాను. రోజూ ఆ దారిన వెళ్ళేది ఎవరో తెలిసే చెరిపాను. ఇలా రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

"సరే, చెరిపావు. దారి ఆగిపోతుంటే ఆగిపోతోందని ముందు చెప్పాలి కదా? గీత కొంచెం కొంచెంగా రోడ్డులో కలిపేస్తారట కదా? నేను ఈ మూడు నెలలూ మంచం మీద అవే చదువుతున్నాను. నువ్వెందుకు కలపలేదు?"

ఇది నా వృత్తికి సంబంధించిన సిగ్గు. మా బజారు మూడు షీట్ల మీద పడుతుంది. మా కొట్టు దగ్గరికి రెండో షీటు అయిపోయి మూడోది మొదలవుతుంది. మావగారి కార్డు వచ్చేసరికి రెండో షీటు రంగు వేసేవాళ్ళ చేతికి వెళ్ళిపోయింది, మూడోది నా బల్ల మీద ఉంది. నేను మూడోదాంట్లో చెరిపేసి చేతులు దులుపుకున్నాను. రెండో షీటులో గీత కాగితం అంచు దాకా నిండుగా, తిన్నగా అలాగే ఉండిపోయింది. మా సెక్షన్లో ఎవరైనా షీటు అంచున గీత ఆగితే కాగితం అయిపోయిందనుకుంటారు, దారి అయిపోయిందనుకోరు. రంగు వేసే మేస్త్రి కాగితంలో ఉన్నది ఉన్నట్టు రోడ్డు మీద దించాడు. కత్తిరించినట్టు ఆగిపోయింది.

ఇదంతా చెప్పాను. చిన్నది తల ఊపింది.

"తర్వాత గుర్తొచ్చింది నాకు," అన్నాను. "దారి ఇక్కడితో ఆఖరు, సైకిలు దిగండి అని ఒక స్తంభం పెట్టించమని మేస్త్రికి చీటీ రాశాను. కొట్టుకి ముప్ఫై మీటర్ల ముందు పెట్టమన్నాను."

"అది కొట్టు మెట్ల అవతల ఉందక్కా. వ్యాను నన్ను కొట్టిన చోటుకి అవతల. నేను రోడ్డు మీద పడి ఉండగా చదివాను దాన్ని. సైకిలు దిగండి అని రాసుంది."

"నేను ముందే పెట్టమన్నాను చిన్నా. ఒట్టు. కాగితం మీద సరిగ్గానే ఉంది."

"వెళ్ళి చూశావా?"

ఆఫీసుకీ కొట్టుకీ మధ్య పది నిమిషాల నడక. నేను వెళ్ళి చూడలేదు.

"నువ్వు ముందే పెట్టమన్నావని నాకు తెలుసు," అంది. "మేస్త్రి చెప్పాడు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. మావయ్య నిద్ర లేచారేమో చూడు. కొట్టు దాకా నన్ను తీసుకెళ్ళాలి. కుర్చీ ఆయనే తొయ్యాలి."

మూడు కావస్తోంది. మా ఆయన ఇలాంటి రోజుల్లో ఏదో ఒక పని పెట్టుకుని గోడౌనుకి వెళ్ళిపోతారు, ఆ రోజూ వెళ్ళిపోయారు. మా మరిది పరుపులు దింపడానికి వ్యాను వేసుకుని పక్క వీధులకి వెళ్ళాడు. ఇంట్లో మేం ముగ్గురమే.

మావగారు బయటికొచ్చారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. జీవితమంతా పరుపులమ్మి మాట కూడా మెత్తబడిపోయింది. కోపం వచ్చినా గొంతు లేవదు, ఇంకా మెత్తనవుతుంది. ఇంట్లో అందరికీ ఆ మెత్తదనమంటేనే భయం.

"ఎండగా ఉందమ్మా. సాయంత్రం వెళ్దువుగాని. వాడొచ్చి తీసుకెళ్తాడు."

"వద్దు మావయ్యా. మీరే తొయ్యండి. నాకు కాలు లేదు, మీకు రెండున్నాయిగా."

మావగారు కుర్చీ పట్టుకున్నారు. నేను వెనక నడిచాను.

మా ఇంటినుంచి కొట్టు మూడొందల మీటర్లు. నా డ్రాయింగులో అది పద్దెనిమిది అంగుళాలు. ఫుట్‌పాత్ రెండు మీటర్ల వెడల్పు అని నా చేత్తో నేనే రాశాను. మొదటి కొట్టు ముందు కరెంటు డబ్బా అడ్డం, రెండో కొట్టు ముందు మూడు మోటారు సైకిళ్ళు, టైలరు ముందు చొక్కాలు తొడిగిన బొమ్మ. ప్రతి చోటా మావగారు కుర్చీ ముందు చక్రాలు లేపి, పక్కకి తిప్పి, మళ్ళీ దింపారు. టైలరు లేచి నిలబడి "నమస్కారమండీ అధ్యక్షులుగారూ" అన్నాడు. బొమ్మని మాత్రం జరపలేదు.

మా కొట్టు దగ్గరికొచ్చేసరికి దారే లేదు. చుట్టచుట్టిన పరుపులు ఫుట్‌పాత్ మీద మనిషెత్తున పేర్చి ఉన్నాయి. మా పరుపులే. ఒక్కోదాని మీదా చిన్నదాని పేరు అచ్చేసి ఉంది.

"పెద్దమ్మాయ్, నాలుగు పరుపులు పక్కకి లాగు," అన్నారు మావగారు.

"అక్క ముట్టుకోదు," అంది చిన్నది. "అందరూ ఎలా వెళ్తున్నారో మనమూ అలాగే వెళ్దాం. రోడ్డు మీదికి దింపండి."

దింపారు. ఆ దింపడంలో కుర్చీ ఒక పక్కకి ఒరిగింది, చిన్నది చేతులు రెండూ గట్టిగా బిగించుకుంది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యకుండా మోగించాడు. మోటారు సైకిలు మీద పోతున్నవాడు తల తిప్పి అరిచాడు.

"ఏం పెద్దాయనా, చావాలనుందా? ఆవిణ్ణి ఇంట్లో కూర్చోబెట్టుకోలేవా?"

చిన్నది నవ్వింది. చాలా రోజులకి విన్నాను ఆ నవ్వు. బాగాలేదు.

"మీ మాటే మావయ్యా. ఆసుపత్రిలో మీరన్నది కూడా ఇదేగా. ఇంట్లో కారుండగా సైకిలెందుకమ్మా, ఇంటిపట్టున ఉండొచ్చుగా అన్నారు. అప్పటికి నా కాలు తీసి రెండు గంటలు కూడా కాలేదు."

ఇంకాస్త ముందుకి తోయించింది. రోడ్డు మీద తెల్లగీత కత్తిరించినట్టు ఆగిపోయిన చోటుకి వచ్చాం.

"ఇక్కడ ఆపండి. నేను వంద లెక్కపెడతాను. అయ్యాక వెళ్దాం."

"ఏమిటమ్మా ఇది?"

"ఒకటి," అంది చిన్నది.

క్లాసులో చెప్పినట్టే చెప్పింది, ఒక్కో అంకె విడివిడిగా, స్పష్టంగా. బస్సు పోయింది. ఆ గాలికి మావగారి కండువా ఎగిరి ముఖం మీద పడింది. తీసుకోవడానికి ఒక చెయ్యి వదిలితే కుర్చీ కదిలింది, మళ్ళీ రెండు చేతులా పట్టుకున్నారు. ముప్ఫై దాటేసరికి ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నలభై రెండు దగ్గర మా కొట్టు ముందు ఆగి ఉన్న కారొకటి వెనక్కి కదిలింది, సరిగ్గా మా వైపే. ఆయన కేకేశారు. ఆ మెత్తటి మనిషి అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. కారు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి మమ్మల్నే తిట్టాడు.

"నలభై మూడు," అంది చిన్నది.

"చాలమ్మా. నీకు దండం పెడతాను, చాలు."

"నలభై నాలుగు."

బజారంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ఒక్కరూ కిందికి దిగలేదు. నేనూ దగ్గరికి వెళ్ళలేదు. ఆయన కుర్చీ కదలకుండా పట్టుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. జాలి కలగలేదు, కలగనందుకు భయం మాత్రం వేసింది. అరవై ఒకటి, అరవై రెండు... వంద దాకా లెక్కపెట్టింది. ఒక్క అంకె తగ్గించలేదు.

కొట్టులోకి వచ్చాక మావగారు పరుపుల దొంతర మీద కూలబడ్డారు. నేను నీళ్ళిచ్చాను. సగం తాగి, సగం ముఖం మీద చల్లుకుని, కండువాతో తుడుచుకున్నారు. తుడుచుకోవడం అయ్యేసరికి మళ్ళీ మామూలు మనిషైపోయారు. దెబ్బ తగిలిన వెంటనే తేరుకుని బేరానికి కూర్చునే మనిషి ఆయన.

"ఏం కావాలమ్మా నీకు?"

"సంతకం వెనక్కి తీసుకోవాలి. ఇప్పుడే, రాసి."

"తీసుకోకపోతే?"

చిన్నది గ్యారంటీ కార్డు పైకెత్తి చూపించింది. ఆయన దూరం నుంచే గుర్తుపట్టారు. నా వైపు తిరిగారు. ఆ చూపుని ముందు ముందు నేను ఎన్నేళ్ళు మొయ్యాలో నాకప్పుడే అర్థమైంది.

"అది మీటింగులో చదివితే ఏమవుతుందో తెలుసా? కోడలి కాలు తినేసిన మావ అంటారు నన్ను. నలభై ఏళ్ళుగా ఈ బజార్లో తలెత్తుకు తిరిగాను." ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. "సరే. వెనక్కి తీసుకుంటాను. రాసిస్తాను. కానీ ఒక మాట. గీత చెరపమన్నది నేను కాదు. అది ఆఫీసులో జరిగిన పొరపాటు. పెద్దమ్మాయి తనంతట తను చేసిన పొరపాటు. ఆ మాట తను రాసి సంతకం పెట్టాలి. ఆ కార్డు నా చేతికి రావాలి."

"మావయ్యా, నా ఉద్యోగం పోతుంది," అన్నాను.

"పోతే పోనీ తల్లీ. మనింట్లో తిండికి లోటా? పగలంతా ఇక్కడొచ్చి కూర్చో. వచ్చినవాళ్ళకి పరుపులు చూపిద్దువుగాని."

ఎంత ప్రేమగా అన్నారో! పధ్నాలుగేళ్ళుగా నేను నా చేత్తో గీసినవన్నీ ఆ మాట కింద పడి అణిగిపోయాయి. నేను చిన్నదాని వైపు చూశాను. ఎంత కోపమున్నా ఆడదాని ఉద్యోగం విలువ తనకి తెలుసు. కార్డు ఇవ్వదు అనుకున్నాను. గట్టిగా అనుకున్నాను.

"తీసుకోండి మావయ్యా," అని చెయ్యి చాపింది చిన్నది.

ఆలోచించను కూడా ఆలోచించలేదు. ఆయన కార్డు తీసుకుని నాలుగు ముక్కలు చేసి, మళ్ళీ ఎనిమిది చేసి, కింద పడెయ్యకుండా జేబులో వేసుకున్నారు. కొట్టు శుభ్రంగా ఉండాలి కదా మరి.

"చిన్నా," అన్నాను.

"నాకు దారి కావాలక్కా. నా క్లాసు పిల్లలు ఇరవై రెండు మంది రోజూ అక్కడికొచ్చి రోడ్డు మధ్యలోకి దూరుతున్నారు. నువ్వు ఆఫీసులో కిటికీ పక్కన కూర్చుంటే వాళ్ళకేం ఒరుగుతుంది? రాయి. నువ్వు చెయ్యనిదేమీ రాయమనడం లేదుగా ఆయన. నిన్ను నేను క్షమించలేదు. అది రాయక్కర్లేదు, గుర్తుంచుకో చాలు."

కొట్టు లెటరు ప్యాడు తెచ్చిచ్చారు మావగారు. పైన పెద్ద అక్షరాల్లో చిన్నదాని పేరు, కింద పువ్వుల బొమ్మ. ఆ పేరు కింద నేను నా తప్పు రాసుకున్నాను. గీత ఎక్కడ ఆగిందో, ఏ షీటులో ఆగిందో, ఎవరూ చెప్పకుండానే నాకు నేనుగా ఎలా చెరిపానో. నా చేతిరాత చాలా బాగుంటుంది, ఆఫీసులో అందరూ మెచ్చుకుంటారు. ఆ రోజూ బాగానే వచ్చింది. పక్కనే మావగారు సంతకం వెనక్కి తీసుకుంటున్నట్టు మూడు వాక్యాలు రాశారు.

అప్పుడే మేస్త్రి వచ్చాడు. చిన్నది ముందే కబురు పెట్టి రప్పించిందని అప్పుడు తెలిసింది. ఊళ్ళో రోడ్ల మీద తెల్లగీతలన్నీ అతనివే, అందుకే అందరూ గీతల మేస్త్రి అంటారు. గోళ్ళ సందుల్లో తెల్లరంగు ఎప్పటికీ వదలదు. చిన్నది రెండు కాగితాలూ ఒకే కవర్లో పెట్టి అతని చేతికిచ్చింది.

"ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు స్టాంపు వేయించుకుని రా మేస్త్రీ. ఐదింటికి మూసేస్తారు."

అతను వెళ్ళి వచ్చేలోపు ఎవరో భార్యాభర్తలు వచ్చి పరుపు నొక్కి చూసి, మా ముఖాలు చూసి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. అరగంటకి మేస్త్రి స్టాంపు పడిన కాగితం తెచ్చాడు. చిన్నది దాన్ని దీపం కింద పెట్టి తేదీ కూడా సరిచూసింది. మడిచి జాకెట్లో దాచుకుంది. అప్పుడు మావగారి వైపు తిరిగింది.

"ఇక వెనక్కి తీసుకోలేరుగా మావయ్యా?"

"ఎందుకు తీసుకుంటానమ్మా. మాటంటే మాటే."

"అయితే ఇప్పుడు స్తంభం సంగతి చూద్దాం."

మావగారి చెయ్యి జేబులో ముక్కల మీదికి వెళ్ళింది. ఎందుకో ఆయనకే తెలియదనుకుంటాను.

"సైకిలు దిగండి అన్న స్తంభం," అంది చిన్నది. "అక్క కొట్టుకి ముప్ఫై మీటర్ల ముందు పెట్టమంది. మేస్త్రి అక్కడే పెట్టాడు. అది అక్కడే ఉంటే ఆ రోజు నేను దిగేదాన్ని. ఫుట్‌పాత్ ఎక్కి, ఆ పరుపుల్ని తిట్టుకుంటూ నడిచి వెళ్ళేదాన్ని. ఎనిమిదిన్నరకల్లా క్లాసులో ఉండేదాన్ని, రెండు కాళ్ళ మీద. కానీ పెట్టిన నాలుగో రోజు ఎవరో కొట్టులోంచి వచ్చి దాన్ని పీకి అవతల పాతించారట. మీరు కార్డు చించుకోండి, నాకేం అక్కర్లేదు. రేపు మీటింగులో స్తంభం గురించి మేస్త్రి చెప్తాడు. అధ్యక్షులవారు తన కొట్టు కొత్త బోర్డుకి అడ్డొచ్చిందని సర్కారు స్తంభం జరిపించారని నలుగురి ముందూ చెప్తాడు. చెప్తావుగా మేస్త్రీ?"

అప్పటికి నాకు అర్థమైంది. నన్ను ఎరగా వేసింది. ఆయన చేత రాయించుకుంది. ఇప్పుడు ఆయన్నీ పట్టుకుంది. మూడు నెలలు మంచం మీద పడుకుని లెక్క చేసుకుంది, ఒక్క మెట్టు కూడా తప్పలేదు. నాకు ఒళ్ళు మండింది, అంతలోనే ముచ్చటేసింది కూడా.

మేస్త్రి బొటనవేలి గోటిలోని రంగుని ఇంకో గోటితో గీక్కుంటున్నాడు.

"చెప్పు మేస్త్రీ. కొట్టువాళ్ళే జరపమన్నారని నాతో అన్నావు కదా."

"అన్నానమ్మా."

"ఆ కొట్టువాళ్ళు అంటే అయ్యగారే కదా?"

"అమ్మా, ఇంక అది వదిలెయ్యండమ్మా. దారి వస్తోందిగా. నేను దగ్గరుండి గీస్తాను. వెన్నలా గీస్తాను."

"అయ్యగారే కదా అంటున్నాను."

మేస్త్రి నా వైపు చూశాడు. దేనికో బతిమాలుతున్నట్టుంది ఆ చూపు. నాకేమీ తెలియదని తల అడ్డంగా ఊపాను. నిజంగానే నాకు తెలియదు.

మావగారు లేచారు. నెమ్మదిగా వచ్చి కుర్చీ ముందు నిలబడ్డారు. ఆయన ముఖంలో ఓడిపోయిన ఛాయే లేదు.

"నేను కాదు తల్లీ," అన్నారు. "నేనే అనుకుంటే అనుకోనీ, ఒక చెడ్డ మాట పడితే ముసలాణ్ణి నాకేం పోతుంది అని మూడు నెలలు నోరు మూసుకున్నాను. ఆ పాటి దయ నాకూ ఉంది. కానీ నువ్వు నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టి వంద లెక్కపెట్టావు. ఇప్పుడు నేను చెప్తాను, విను."

ఆయన చెయ్యి పైకెత్తి గుమ్మం మీద కొత్త బోర్డుని చూపించారు. వెనక నుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి, లోపల దీపాలున్న పెద్ద బోర్డు. చిన్నది పుట్టింట్లో ఉన్నప్పుడు పెట్టించింది అది.

"నువ్వు పుట్టింటి నుంచి వచ్చేసరికి నీ పేరు బజారు మొదలు నుంచే కనపడాలని మా చిన్నవాడు ముచ్చటపడి పెట్టించాడు. ఆ మూల నుంచి చూస్తే స్తంభం నీ పేరుకి అడ్డొచ్చింది. సగం పేరే కనపడుతోంది నాన్నా, బాగాలేదు అన్నాడు. మేస్త్రిని పిలిపించాడు. తనే గునపం పట్టుకుని పీకాడు. ఇప్పుడు చెప్పు, రేపు మీటింగులో ఎవరి పేరు చెప్పిస్తావు?"

చిన్నది మేస్త్రి వైపు తిరిగింది. మేస్త్రి తల వంచుకున్నాడు.

మా మరిది గురించి మీకు చెప్పాను కదా. ఈ మూడు నెలలూ ఆమెని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు. మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేది వాడు, తల దువ్వేది వాడు, రాత్రి లేని కాలు నొప్పెడుతోందని ఏడిస్తే పక్కన కూర్చుని ఉన్న కాలు పట్టేది వాడు. ఈ కాలు ఎవడి వల్ల పోయిందో వాడు దొరికితే చంపేస్తాను అని మా అందరి ముందూ పళ్ళు నూరింది కూడా వాడే. ఒక్కసారి కాదు, చాలాసార్లు అన్నాడు.

చిన్నది ఏడవలేదు. "సగం పేరు," అంది, ఎవరితోనూ కాదు. మోకాలి కింద ఖాళీగా వేలాడుతున్న చీర కుచ్చిళ్ళని చేత్తో సర్దుకుంది. లెక్కంతా సరిగ్గా చేసి చివరి అంకె దగ్గర తప్పు వచ్చినట్టు, మళ్ళీ మొదటి నుంచీ చూసుకుంటున్నట్టు కళ్ళు కదిలాయి. నేను భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. విదిలించి కొట్టింది.

బయట మా కొట్టు వ్యాను వచ్చి ఆగింది. తలుపు వేసిన చప్పుడు వినిపించింది, ఆ తర్వాత మా మరిది హుషారైన గొంతు.

"వదినా! తను కూడా వచ్చిందా? చెప్తే నేను వచ్చి తీసుకొచ్చేవాణ్ణి కదా!"

మావగారు వెళ్ళి తన చోట తను కూర్చున్నారు. మేస్త్రి గోడకి అతుక్కుపోయాడు. ఈ మూడు నెలల్లో చిన్నది కుర్చీ చక్రాల మీద చెయ్యి వెయ్యడం నేను చూడలేదు, వాడు వెయ్యనివ్వలేదు. ఇప్పుడు రెండు చేతులా చక్రాలు పట్టుకుని, తనే తిప్పుకుని, వాడు లోపలికి వచ్చే గుమ్మానికి ఎదురుగా కుర్చీ నిలబెట్టుకుంది.